వేరు వేడి, గాలి వేడి: గ్రీన్‌హౌస్ టొమాటోపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

గ్రీన్‌హౌస్‌లో టొమాటోకు ఎన్ని డిగ్రీలు ఉండాలి అని అడిగితే చాలామంది ఒకే అంకె చెబుతారు. ఆ అంకె గాలిది, మొక్క తల దగ్గర వేలాడదీసిన థర్మామీటర్ చూపించేది. కానీ టొమాటో మొక్క పనిలో సగం జరిగేది కింద, వేళ్ల దగ్గర, మన కంటికి ఆనని చోట. అక్కడి ఉష్ణోగ్రత లెక్క వేరు. చల్లటి రాత్రి తర్వాత, పొద్దున ఎండ పడగానే పైన 26 డిగ్రీలు, కింద స్లాబ్‌లో, అంటే మట్టికి బదులు వేళ్లు పెరిగే దిమ్మెలో, 16 డిగ్రీలు ఉండటం మామూలే. మధ్యాహ్నం ఎండలో పడి ఉన్న నల్ల గొట్టంలోని నీరు గాలికన్నా వేడిగా ఉండటమూ మామూలే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. ఇవాళ నేను అడిగేది అంతే. ఆ ఒక్క అలవాటుతో ఎన్ని చిక్కులు విడిపోతాయో చెబుతాను.

మట్టిలో పెరిగే టొమాటోకు ఈ బాధ ఇంతగా ఉండదు. నేల నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఒక అడుగు లోతుకు వెళితే పగటికీ రాత్రికీ తేడా చాలా తక్కువ. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన ద్రావణంతో పెంచే హైడ్రోపోనిక్స్‌లో ఆ కవచం తీసేశాం. కొబ్బరి పొట్టు స్లాబ్‌లోగానీ, రాతిని కరిగించి దూదిలా చేసిన రాక్‌వూల్‌లోగానీ ఒక్కో మొక్క వేళ్లకు దక్కేది కొద్ది లీటర్ల జాగా. ఎన్‌ఎఫ్‌టీలో, అంటే కాలువల్లో ద్రావణం పారించి పెంచే న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్‌లో, అయితే వేళ్ల కింద పారేది పలచటి నీటి పొర మాత్రమే. గాలి ఎటు పోతే ఆ నీరూ అటే పోతుంది, అదీ గంటల వ్యవధిలో. నేల మన తరఫున చేసిపెట్టిన పనిని ఇప్పుడు మనమే చేయాలి.

ముందు గాలి సంగతి చూద్దాం.

గాలి ఉష్ణోగ్రత మొక్క వేగాన్ని నిర్ణయిస్తుంది. కొత్త ఆకు ఎప్పుడు వస్తుంది, తర్వాతి పూగుత్తి ఎప్పుడు విచ్చుకుంటుంది, పిందె పండు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఇదంతా గాలి చేతిలో ఉంది. సగటున 17 డిగ్రీలు ఉంటే దాదాపు తొమ్మిది రోజులకో గుత్తి వస్తుంది. 23 డిగ్రీలైతే ఆరు రోజులకో గుత్తి. పువ్వు విచ్చుకున్న దగ్గర్నుంచి కాయ పండేదాకా 18 డిగ్రీల్లో సుమారు 65 రోజులు పడుతుంది, 22 డిగ్రీల్లో సుమారు 46, 26 డిగ్రీల్లో సుమారు 42. రకాన్ని బట్టి ఇవి కొంత మారతాయి, కానీ వరస ఇదే. ఈ అంకెల్ని కాస్త నిదానంగా చూడండి. 18 నుంచి 22కు పెంచితే దాదాపు మూడు వారాలు కలిసొచ్చాయి. 22 నుంచి 26కు పెంచితే నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల కోసం కాయ సైజును వదులుకుంటున్నాం, ఎందుకంటే తొందరగా పండే కాయకు నిండే సమయం దొరకదు. ఇది లాభసాటి బేరం కాదని నా అభిప్రాయం.

ఈ వేగం విషయంలో మొక్క పట్టించుకునేది రోజంతటి సగటును. ఒక పూట రెండు డిగ్రీలు ఎక్కువై, మరో పూట రెండు డిగ్రీలు తగ్గితే మొత్తం మీద లెక్క సరిపోతుంది. పగలు 21 నుంచి 26, రాత్రి 16 నుంచి 18, ఇరవైనాలుగు గంటల సగటు 18 నుంచి 21 మధ్య, ఇది చాలా చోట్ల నడిచే లెక్క. ఇందులో ఎటు మొగ్గాలన్నది వెలుతురు చెబుతుంది. మబ్బు పట్టిన వారంలో వేడి ఎక్కువ పెట్టారనుకోండి, ఆకులు తయారుచేసే చక్కెర కన్నా మొక్క ఊపిరికి ఖర్చయ్యేది ఎక్కువవుతుంది. తల సన్నబడుతుంది, పువ్వులు నీరసంగా వస్తాయి. ఎండ బాగా ఉన్న వారంలో మరీ చల్లగా ఉంచితే చక్కెర పోగుపడుతుంది కానీ పని జరగదు. అప్పుడు తల లావెక్కి, చిగురాకులు ముడుచుకుని ఊదారంగుకు తిరుగుతాయి. కొన నుంచి జానెడు కింద కాండం 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటే మొక్క సమంగా ఉన్నట్టు. కంప్యూటర్‌లో గ్రాఫ్ తెరిచే ముందు ఆ జానెడు కాండాన్ని చూడమంటాను.

పుప్పొడి మాత్రం సగటుతో సరిపెట్టుకోదు. పగలు 32 దాటి, రాత్రి కూడా 21 కన్నా దిగకపోతే పుప్పొడి సరిగ్గా తయారు కాదు, తయారైనా సరిగ్గా రాలదు, పిందె కట్టడం పడిపోతుంది. రాత్రిళ్లు 13 డిగ్రీల కిందికి జారినా ఇదే కష్టం. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పుప్పొడికి దెబ్బ తగిలేది పువ్వు విచ్చుకున్న రోజు ఒక్కటే కాదు. అంతకు ఒకటి రెండు వారాల ముందు, మొగ్గ చిన్నగా ఉన్నప్పుడు, అది మరీ సున్నితంగా ఉంటుంది. కాబట్టి ఇవాళ పూత రాలుతుంటే ఇవాళ్టి థర్మామీటర్ చూసి లాభం లేదు, పది రోజుల వెనకటి రికార్డు తీయండి. పరాగ సంపర్కానికి బంబుల్ తేనెటీగలు పెట్టుకున్నవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. 30 డిగ్రీలు దాటాక అవి పువ్వుల మీదకు వెళ్లడం తగ్గించి, గూడు చల్లబరచడానికి లోపలే రెక్కలు విసురుకుంటూ ఉండిపోతాయి.

రంగు గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారు కాదు. పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఎండ నేరుగా తగిలే భుజాల దగ్గర పండు పసుపుపచ్చగా ఉండిపోవడం అందుకే. అది ఎరువు లోపం అనుకుని పొటాష్ పెంచే ముందు పండు ఎంత వేడెక్కుతోందో చూడాలి.

ఇప్పుడు కిందికి దిగుదాం.

వేరు చేసే పనులు ముఖ్యంగా రెండు: తాగడం, ఊపిరి తీసుకోవడం. చలి మొదటిదాన్ని చెడగొడుతుంది, వేడి రెండోదాన్ని. టొమాటో వేరుకు 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 15 కిందికి వెళ్లిన కొద్దీ నీరు లాగడం తగ్గుతుంది. దానికి ఒక కారణం నీరే. 10 డిగ్రీల నీరు 25 డిగ్రీల నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు చిక్కగా కదులుతుంది. అంతకన్నా పెద్ద కారణం వేరు కణాల పొరలు. చల్లబడితే అవి బిగుసుకుపోతాయి, వాటిలో నీరు దాటే ద్వారాలు మూసుకుంటాయి. పోషకాల్లో ముందు దెబ్బ తినేది ఫాస్ఫరస్. ఆకు అడుగున ఈనెలు ఊదారంగు తిరుగుతాయి. ద్రావణంలో ఫాస్ఫరస్ నిండుగా ఉంటుంది, ల్యాబ్ రిపోర్టు బాగానే వస్తుంది, మొక్క మాత్రం లోపం చూపిస్తుంది. అలాంటప్పుడు డబ్బాలోంచి ఇంకో గుప్పెడు ఎరువు వేయడం దండగ, వేరును రెండు మూడు డిగ్రీలు వెచ్చబెడితే చాలు. ఇందాక చల్లగాలికి చిగురాకులు ఊదారంగు తిరుగుతాయన్నాను కదా, ఈ రెండింటినీ కలిపేసుకోకండి. తల ఊదారంగైతే గాలి వైపు చూడాలి, ఆకు అడుగు ఊదారంగైతే వేరు వైపు.

వేడి చేసే చెరుపు ఇంకా గట్టిది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు గరిష్ఠంగా సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 25 డిగ్రీల్లో 8.3, 30 డిగ్రీల్లో 7.6. తగ్గుదల కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ అదే పది డిగ్రీల పెరుగుదలకు వేరు ఊపిరి దాదాపు రెట్టింపవుతుంది. ఇంట్లో తినేవాళ్లు రెట్టింపై, గాదెలో గింజలు కూడా కొంత తగ్గినట్టు ఉంటుంది వేరు పరిస్థితి. పైగా ఆ అంకెలు నీరు గాలితో పూర్తిగా కలిసినప్పటివి. వేళ్లు దట్టంగా అల్లుకున్న స్లాబ్ మధ్యలోనో, పొడవాటి ఎన్‌ఎఫ్‌టీ కాలువ చివరో ఉండే ఆక్సిజన్ అంతకన్నా చాలా తక్కువ. కాలువ మొదట్లో మొక్కలు పచ్చగా ఉండి, చివర్లో వెలవెలబోతుంటే ఈ సంగతి గుర్తుచేసుకోండి. నీరు పారుతూ పోయేకొద్దీ వేడెక్కుతుంది, దారిలోని వేళ్లన్నీ ఆక్సిజన్ తీసేసుకుంటాయి.

ఊపిరాడని వేరు మీద పడేది పిథియం, వేళ్లను కుళ్లబెట్టే బూజు లాంటి జీవి. ఈ కుటుంబంలో చల్లటి నీటిని ఇష్టపడేవీ ఉన్నాయి, కానీ వేడి ద్రావణంలో విజృంభించే పిథియం అఫానిడర్మేటమ్ అనే జాతి అన్నింటికన్నా ప్రమాదకరం. దాని బీజాలకు ఈదే తోకలుంటాయి, తిరిగి వాడే ద్రావణంలో ఒక మొక్క నుంచి అన్ని మొక్కలకూ పాకిపోతాయి. తెల్లగా ఉండాల్సిన వేరు గోధుమరంగు తిరిగి, పట్టుకుని లాగితే పైపొర ఊడి సన్నటి దారం మిగులుతుంది. ఆ స్థితి వచ్చాక మందులతో పెద్దగా జరిగేదేమీ ఉండదు. ద్రావణాన్ని 24 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం అన్ని మందులకన్నా మేలైన జాగ్రత్త.

ఇక గాలి వేడికీ వేరు వేడికీ మధ్య తేడా దగ్గరికి వద్దాం. నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

పొద్దున ఏం జరుగుతుందో ఊహించుకోండి. రాత్రంతా స్లాబ్ చల్లబడింది. సూర్యుడు పైకొచ్చాడు, గాలి గబగబా వేడెక్కింది. 20 డిగ్రీల్లో ఒక ఘనమీటరు గాలి పట్టుకోగల ఆవిరి 17 గ్రాములు, 30 డిగ్రీల్లో 30 గ్రాములు. అంటే గాలి దాహం ఒక్కసారిగా పెరిగింది, ఆకు నుంచి నీరు లాగుతోంది. కింద వేరు ఇంకా చలికి బిగుసుకుని ఉంది. వేళ్లు నీళ్లలోనే ఉన్నాయి, మొక్క వడలిపోతుంది. అది చూసి మనం ఏం చేస్తాం? నీరు సరిపోలేదని ఇంకో విడత చల్లటి నీరు వదులుతాం! వేరు ఇంకా చల్లబడుతుంది. ఇలాంటప్పుడు చేయాల్సింది ఆ నీటిని 18, 20 డిగ్రీలకు వెచ్చబెట్టి ఇవ్వడం, పైన గాలి ఒక్కసారిగా ఎండిపోకుండా చూడటం. గాలి తేమ లోటును, అంటే వీపీడీని, 0.5 నుంచి 1.2 కిలోపాస్కల్స్ మధ్య ఉంచితే మొక్క సుఖంగా ఉంటుంది.

అదే పొద్దున ఇంకో నష్టం కూడా ఉంది. కాయ బరువైనది కాబట్టి గాలితో సమానంగా వేడెక్కదు, వెనకబడుతుంది. చల్లటి కాయ మీద వెచ్చటి గాలిలోని తేమ పడుతుంది. ఆ తడే బొట్రైటిస్ బూజుకు కావలసింది, కాయ పగుళ్లకూ దోవ అదే. అందుకే హీటర్లు ఉన్నవాళ్లు సూర్యోదయానికి ముందే మొదలుపెట్టి గంటకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ చొప్పున నెమ్మదిగా పెంచుకుంటూ పోతారు. సాయంత్రం మాత్రం దీనికి ఎదురు. పొద్దు కుంకాక గాలిని చప్పున చల్లబరిస్తే ఆకులు ముందు చల్లబడతాయి, కాయలు వెచ్చగానే ఉంటాయి, ఆకుల్లోని చక్కెర కాయల వైపు ఎక్కువగా పోతుంది. పొద్దున ఆలస్యం చేసే కాయ బరువే సాయంత్రం మనకు అక్కరకొస్తుంది.

కాయ అడుగున నల్లమచ్చ, అదే బ్లాసమ్ ఎండ్ రాట్, దీన్ని కూడా ఈ తేడాలోనే అర్థం చేసుకోవాలి. కాల్షియం నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది. పగలు వేడిగా, పొడిగా ఉంటే ఆ నీరంతా ఆకులకే పోతుంది, పిందెకు చేరేది చాలా తక్కువ. రాత్రి ఆకులు నీరు వదలడం తగ్గించాక వేరు కింద నుంచి ఒత్తిడితో నీటిని పైకి నెడుతుంది, అప్పుడే పిందెకు కాల్షియం అందుతుంది. ఆ ఒత్తిడి రావాలంటే వేరు ఆరోగ్యంగా, మరీ చల్లగా కాకుండా, ఊపిరాడుతూ ఉండాలి. పగలు గాలి మరీ వేడెక్కినా, రాత్రి వేరు పని చేయకపోయినా నష్టపోయేది పిందే. కాల్షియం నైట్రేట్ పెంచడం ఆఖరి మెట్టుగా పెట్టుకోండి.

మరి వేరును వెచ్చబెడితే గాలిని చల్లగా వదిలేయొచ్చా? 1970ల ఇంధన సంక్షోభం నాడు చాలామంది గట్టిగా వేసుకున్న ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లో లిటిల్‌హాంప్టన్‌లోని గ్లాస్‌హౌస్ క్రాప్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెన్ కూపర్ రూపొందించిన ఎన్‌ఎఫ్‌టీ అప్పుడప్పుడే వ్యాపిస్తోంది. ద్రావణాన్ని వేడి చేయడం తేలిక కాబట్టి, గ్రీన్‌హౌస్ మొత్తాన్ని వేడి చేసే ఖర్చు తప్పుతుందేమోనన్న ఆశ కలిగింది. పరీక్షల్లో తేలింది ఏమిటంటే, వెచ్చటి వేరు మొక్క ఎదుగుదలకు, ముఖ్యంగా నాటిన తొలి వారాల్లో, నిజంగా సాయపడుతుంది. కానీ గుత్తులు వచ్చే వేగాన్నీ కాయ పండే వేగాన్నీ అది గాలి బదులు నడిపించలేదు. చల్లటి గాలిలో కాయ ఆలస్యంగానే పండింది. ఎవరి పని వాళ్లదే. చలి ప్రాంతాల్లో ఖర్చు తగ్గించుకోవాలంటే గాలిని ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి వేరును 20 దగ్గర నిలబెట్టొచ్చు, అంతకుమించి ఆశపడకూడదు.

వేడి ప్రాంతాల్లో మాత్రం వేరు వైపు నుంచి దొరికే సాయం ఎక్కువ అని నేను నమ్ముతాను. లెక్క చూడండి. నడి మధ్యాహ్నం చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ పడుతుందనుకుందాం. వెయ్యి చదరపు మీటర్ల గ్రీన్‌హౌస్ మీద అది 800 కిలోవాట్లు. దాన్ని ఏసీతో తోడిపోయడం అయ్యే పని కాదు. తడి ప్యాడ్లు, ఫ్యాన్లు పనిచేస్తాయి, అయితే బయటి గాలి పొడిగా ఉన్నప్పుడే. బయట 35 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే ప్యాడ్ గాలిని 22 డిగ్రీల వైపు లాగగలదు, మనకు 25 దాకా దొరుకుతుంది. తేమ 75 శాతం ఉంటే ఆ హద్దు 31 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ప్యాడ్ మీద ఎంత నీరు పోసినా లాభం లేదు. వెయ్యి లీటర్ల పోషక ద్రావణాన్ని 5 డిగ్రీలు చల్లబరచాలంటే తీసేయాల్సిన వేడి 6 కిలోవాట్ అవర్ల కన్నా తక్కువ. ఒక చిన్న వాటర్ చిల్లర్ చేసే పని అది. ట్యాంకుకు, గొట్టాలకు ఎండ తగలకుండా చూసుకుంటే ఆ చల్లదనం నిలుస్తుంది కూడా. గాలి 34 ఉన్నా వేరు 22, 24 మధ్య ఉంటే మొక్క నీరు తాగుతూనే ఉంటుంది, ఆకు చెమట పట్టి తనను తాను చల్లబరచుకుంటుంది. పుప్పొడిని ఇది కాపాడలేదు, దానికి నీడ వలలూ గాలి ఆడటమూ కావాలి. మొక్కను మాత్రం కాపాడుతుంది.

చిల్లర్ కొనే ముందు చేయాల్సిన పనులు ఉన్నాయి. ట్యాంకును నేలలో పాతిపెట్టడం లేదా నీడలో పెట్టి చుట్టూ థర్మాకోల్ కట్టడం, గొట్టాలు నల్లవైతే తెల్ల రంగు వేయడం, స్లాబ్ కవర్ బయటివైపు తెల్లగా ఉండేలా చూడటం. డ్రిప్ గొట్టాల్లో నిలిచిపోయిన నీటి సంగతి అందరూ మరిచిపోతారు. రెండు విడతల మధ్య ఎండలో కాగిన ఆ నీరే ముందుగా వేరు మీద పడుతుంది. గొట్టాలను ఆకుల నీడలోకి జరపండి, విడతలను చిన్నవి చేసి తరచుగా ఇవ్వండి. వేడి రోజుల్లో మొక్క లవణాలకన్నా నీటినే ఎక్కువ తాగుతుంది కాబట్టి స్లాబ్‌లో ఈసీ, అంటే కరిగిన లవణాల గాఢతను చూపే కొలత, పెరుగుతుంది. అందుకని ఆ రోజుల్లో ద్రావణం ఈసీని 2, 2.5 దగ్గరికి దించడం, చలి రోజుల్లో 3 పైకి తేవడం మంచి పద్ధతి.

ముందు వరసలో ఒకరు చేయెత్తారు. చెప్పండి.

"థర్మామీటర్లు ఎక్కడ పెట్టాలి సార్?"

మంచి ప్రశ్న అండీ. గాలిది మొక్క తల ఎత్తులో, నీడ పెట్టెలో, చిన్న ఫ్యాన్ గాలి లాగుతూ ఉండాలి. ఎండ నేరుగా తగిలితే అది చూపించేది గాలి వేడి కాదు, తన వేడి. మొక్క పెరిగేకొద్దీ దాన్ని పైకి జరపాలి. వేరుది స్లాబ్ మధ్యలో, డ్రిప్పర్‌కు దూరంగా, లోపలికి గుచ్చాలి. ట్యాంకులో పెట్టి అదే వేరు ఉష్ణోగ్రత అనుకోవద్దు, ట్యాంకుకూ స్లాబ్‌కూ నాలుగైదు డిగ్రీల తేడా రావచ్చు. ఎండ పడే వరసలో ఒకటి, లోపలి వరసలో ఒకటి పెడితే ఇంకా మంచిది. సూర్యోదయానికి ముందు, తర్వాత రెండు గంటలకు, మధ్యాహ్నం, ఈ మూడు వేళల్లో రాసుకున్నా చాలు.

అమ్మా, మీరేదో అడుగుతున్నారు.

"చిల్లర్ లేదండీ. ట్యాంకులో ఐస్ వేస్తే పనికొస్తుందా?"

ఒకటి రెండు రోజుల వడగాలికి పనికొస్తుందమ్మా. వెయ్యి లీటర్లను 28 నుంచి 23కు దించడానికి సుమారు 50 కిలోల ఐస్ కావాలి, కాబట్టి రోజూ చేసే పని కాదు. ఐస్‌ను నేరుగా వేయకండి, కరిగిన కొద్దీ ద్రావణం పలచబడి ఈసీ, పీహెచ్ రెండూ మారిపోతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో గడ్డకట్టించి వేయండి. పొద్దున పదింటికే మొదలుపెట్టండి, రెండింటికి వేరు కాగిపోయాక కాదు. పంపు మాత్రం ఆపొద్దు. ట్యాంకులోకి తిరిగొచ్చే నీరు కాస్త ఎత్తు నుంచి పడేలా చూడండి, చల్లబడిన నీటిలో ఆక్సిజన్ కూడా చేరుతుంది.